సరిహద్దు దాటని కారును ఆపితే... డ్రైవర్‌కు మిగిలే హక్కు ఎంత?

టెక్సస్‌లోని కింగ్స్‌విల్‌లో చదువుకునే తెలుగు విద్యార్థులు నాలుగు రోజులు సెలవు దొరికితే సౌత్ పాడ్రే ఐలాండ్ బీచ్‌కి వెళ్తుంటారు. వెళ్లేటప్పుడు దారిలో ఎవరూ ఆపరు. తిరుగు ప్రయాణంలో హైవే 77 మీద సరీటా దగ్గరికి వచ్చేసరికి కార్లు బారులు తీరతాయి. ఆకుపచ్చ యూనిఫాం వేసుకున్న బోర్డర్ పెట్రోల్ ఏజెంటు కిటికీ వైపు వంగి, 'అమెరికా పౌరులేనా?' అని అడుగుతాడు. ఇంకొకరు కుక్కను కారు పక్కగా నడిపిస్తుంటారు. కారులో ఉన్నవాళ్లు మెక్సికో వెళ్లలేదు, ఏ సరిహద్దూ దాటలేదు. అయినా అందరికీ టెన్షన్ మొదలవుతుంది. పాస్‌పోర్టు రూంలోనే ఉండిపోయింది. దేశంలోకి వచ్చిన రికార్డు ఐ-94 ప్రింట్ తీసుకోలేదు. ఇప్పుడేం చెప్పాలి?

దేశం లోపలి రోడ్ల మీద ఇలాంటి చెక్‌పాయింట్లు, ఎప్పుడూ ఉండేవీ అప్పుడప్పుడు పెట్టేవీ కలిపి, వందకు పైగా ఉన్నాయి. శాన్ డియేగో నుంచి లాస్ ఏంజెలెస్ వచ్చే ఐ-5 హైవే మీద శాన్ క్లెమెంటే దగ్గర ఒకటి, ఐ-15 మీద టెమెక్యులా దగ్గర ఇంకొకటి. న్యూ మెక్సికోలో వైట్ శాండ్స్ చూడ్డానికి వెళ్లేవారికీ దారిలో తగులుతుంది. వీటి గురించి మనవాళ్లలో రెండు నమ్మకాలు తిరుగుతున్నాయి. బోర్డర్ పెట్రోల్ ఏం చేసినా చెల్లుతుందని కొందరు భయపడతారు. యూట్యూబ్ వీడియోలు చూసినవాళ్లేమో, నోరు విప్పకుండా కూర్చుంటే వాళ్లేమీ చేయలేరని ధైర్యం చెప్తారు. రెండూ తప్పే. చట్టం డ్రైవర్‌కు గట్టి హక్కులే ఇచ్చింది. కానీ ఆ హక్కు వాడుకుంటే వచ్చే కష్టాన్ని మాత్రం పూర్తిగా డ్రైవర్ మీదే వదిలేసింది. దాంతో పౌరుడికి అక్కరకొచ్చే హక్కు వీసా మీద ఉన్న మనిషికి దాదాపు పనికిరాకుండా పోతోంది. ఇది సరిచేయాల్సిన అన్యాయమని నా అభిప్రాయం.

సరిహద్దు నుంచి 'సహేతుకమైన దూరం' లోపల వాహనాలు ఎక్కి, అనుమతి లేకుండా దేశంలో ఉన్న విదేశీయుల కోసం వారంట్ లేకుండా వెతకవచ్చని 1946లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. ఆ దూరం ఎంతో చట్టంలో రాయలేదు. 1953లో అధికారులు రూపొందించిన నిబంధన దాన్ని 100 మైళ్లుగా తేల్చింది. సరిహద్దు అంటే భూసరిహద్దు ఒక్కటే కాదు, సముద్ర తీరం కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే న్యూయార్క్, లాస్ ఏంజెలెస్, హ్యూస్టన్ వంటి నగరాలూ, మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూ జెర్సీ మొత్తం ఈ పట్టీలో పడ్డాయి. దేశ జనాభాలో మూడింట రెండు వంతుల మంది ఇందులోనే ఉంటారని పౌరహక్కుల సంఘం ఏసీఎల్‌యూ అంచనా.

అలాగని ఆ 100 మైళ్లలో రాజ్యాంగం పనిచేయదని అనుకోకూడదు. అకారణ సోదాల నుంచి రక్షణ ఇచ్చే నాలుగో సవరణ అక్కడా అమల్లోనే ఉంది. 1973లో అల్మీడా-శాంచెజ్ కేసు దీన్ని తేల్చింది. అతను మెక్సికో పౌరుడు, చేతిలో చెల్లుబాటయ్యే వర్క్ పర్మిట్ ఉంది. కాలిఫోర్నియాలో సరిహద్దుకు 25 మైళ్ల ఇవతల గస్తీ బృందం అతని కారును ఆపి, ఏ ఆధారమూ లేకుండా సోదా చేసింది. గంజాయి దొరికింది. అయినా ఆ సోదా చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. పౌరుడు కాని మనిషి, అదీ కారులో గంజాయితో దొరికిన మనిషి, ఆ కేసు గెలిచాడు. రక్షణ పౌరులకే పరిమితం కాదనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు. గస్తీ బృందాలు కారును ఆపడానికైనా సహేతుకమైన అనుమానం ఉండాలని, మెక్సికన్ పోలికలు ఉన్నంత మాత్రాన అది చాలదని 1975లో ఇంకో తీర్పు వచ్చింది. అదే ఏడాది ఓర్టిజ్ కేసులో, చెక్‌పాయింట్ దగ్గర కారు సోదా చేయాలంటే డ్రైవర్ అనుమతి గానీ, ప్రాబబుల్ కాజ్, అంటే చట్టవిరుద్ధమైనదేదో ఉందని నమ్మడానికి గట్టి ఆధారం గానీ ఉండి తీరాలని కోర్టు స్పష్టం చేసింది.

ఆ మరుసటి ఏడాదే మలుపు తిరిగింది. 1976 నాటి మార్టినెజ్-ఫ్యూర్టే తీర్పులో 7-2 ఆధిక్యంతో సుప్రీంకోర్టు స్థిరమైన చెక్‌పాయింట్లకు పచ్చజెండా ఊపింది. అక్కడ ఏ అనుమానం లేకపోయినా ప్రతి కారునూ ఆపి ఒకటి రెండు ప్రశ్నలు అడగవచ్చు. పక్కన ఉండే సెకండరీ తనిఖీకి పంపడానికీ కారణం చూపనక్కర్లేదు. మనిషి పోలికలే ముఖ్య కారణమైనా సరేనంది. సరీటా చెక్‌పాయింట్ దగ్గర మొదలైన కేసు కూడా ఆ తీర్పులోనే కలిసి ఉంది. సరిహద్దుకు 66 మైళ్ల దూరంలో ఉన్న శాన్ క్లెమెంటే గురించి కోర్టు ముందుకు వచ్చిన లెక్కలు చూడండి. 8 రోజుల్లో సుమారు 1,46,000 వాహనాలు ఆ దారిన వెళ్లాయి. 820 వాహనాలను సెకండరీకి పంపారు. వాటిలో 171 వాహనాల్లో అనుమతి లేకుండా దేశంలో ఉన్నవాళ్లు కనిపించారు. సెకండరీలో ప్రశ్నలకు మూడు నుంచి అయిదు నిమిషాలు పడుతుందని కూడా తీర్పులో ఉంది.

ఈ తీర్పు నిలబడింది ఆ క్లుప్తత మీదే. ఆపడం కొద్దిసేపే, అడిగేది స్టేటస్ (ఏ హోదాలో దేశంలో ఉన్నారన్నది) గురించే, సోదా ఉండదు కాబట్టి పౌరుడికి కలిగే ఇబ్బంది స్వల్పమని కోర్టు భావించింది. టెక్సస్ చెక్‌పాయింట్లు పరిధిలోకి వచ్చే ఫిఫ్త్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2001లో ఇంకో మాట చేర్చింది. ఇమిగ్రేషన్ ప్రశ్నలు అయిపోయాక, కొత్తగా అనుమానమో డ్రైవర్ ఒప్పుదలో లేకపోతే వదిలేయాలి. అంతవరకు బాగానే ఉంది. మరి రోడ్డు మీద జరిగేది ఇదేనా?

2012 జూన్‌లో అరిజోనాలో టుబాక్ దగ్గరి చెక్‌పాయింట్‌లో ఒక పెద్దాయనను కారు దింపి ఎండలో టెంట్ కింద కూర్చోబెట్టారు. ఆయన తన 96వ పుట్టినరోజు భోజనానికి టూసాన్ వెళ్తున్నారు. అంతకుముందు రోజు గుండె పరీక్ష చేయించుకోవడంతో ఒంట్లో మిగిలిన కొద్దిపాటి రేడియేషన్‌కు వాళ్ల పరికరం మోగింది. ఆయన పేరు రౌల్ కాస్ట్రో. ఆ రాష్ట్రానికే గవర్నర్‌గా చేసిన మనిషి. 2017 అక్టోబర్‌లో లరేడో నుంచి కార్పస్ క్రిస్టీ ఆసుపత్రికి ఆపరేషన్ కోసం అంబులెన్స్‌లో వెళ్తున్న పదేళ్ల పాపను దారిలో చెక్‌పాయింట్ దగ్గర ఆపారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్ల. పసిపాపగా ఉన్నప్పుడు దేశంలోకి తెచ్చారు, కాగితాలు లేవు. ఏజెంట్లు అంబులెన్స్ వెంటే వెళ్లారు, ఆపరేషన్ అయ్యేదాకా ఆసుపత్రిలో కాపలా కాసి ఆ తర్వాత అదుపులోకి తీసుకున్నారు. దేశమంతా గోల అయ్యాకే వదిలారు. ఇలాంటి చెక్‌పాయింట్ ఒకటి దారిలో ఉందంటే, జబ్బుపడ్డ బిడ్డను పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలా వద్దా అని తల్లి ఆలోచించాల్సి వస్తుంది. కోర్టు 'స్వల్పం' అన్న ఇబ్బంది రియో గ్రాండ్ లోయలోని కుటుంబాలకు ఇంత పెద్దది.

చెక్‌పాయింట్ల అసలు పని ఇమిగ్రేషనే అని ప్రభుత్వం చెప్తుంది. చెప్పక తప్పదు కూడా. మాదకద్రవ్యాల వేట కోసం రోడ్డు మీద అందరినీ ఆపడం చెల్లదని 2000లో ఇండియానాపొలిస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ ప్రభుత్వ లెక్కలు చూసే జీఏఓ 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం, చెక్‌పాయింట్లలో పట్టుకున్న మాదకద్రవ్యాల కేసుల్లో కనీసం 40 శాతం అమెరికా పౌరుల దగ్గర దొరికిన ఒక ఔన్సు లేదా అంతకంటే తక్కువ గంజాయివే. సరిహద్దు దాటించిన సరుకును ఆపడానికి కట్టిన వ్యవస్థ సొంత పౌరుల జేబుల్లో చిల్లర గంజాయి వెతుకుతోందన్నమాట. 2017 ఆగస్టులో కెనడా సరిహద్దుకు దాదాపు 90 మైళ్ల దూరంలో, న్యూ హాంప్‌షైర్‌లోని వుడ్‌స్టాక్ దగ్గర ఇలాగే చెక్‌పాయింట్ పెట్టి కుక్కలతో కార్లు వాసన చూపించారు. దొరికిన గంజాయిని స్థానిక పోలీసులకు అప్పగించి కేసులు పెట్టించారు. మరుసటి ఏడాది రాష్ట్ర కోర్టు ఆ సాక్ష్యాలను పక్కన పెట్టింది. ముఖ్య ఉద్దేశం డ్రగ్స్ వెతకడమేనని గుర్తించింది.

కుక్క సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. డ్రైవర్ అనుమతి లేకుండా సోదా చేయకూడదన్న రక్షణ మొత్తం కుక్క దగ్గర జారిపోతుంది. కారు బయట కుక్క వాసన చూడటాన్ని కోర్టులు సోదాగా లెక్కించవు. శిక్షణ పొందిన కుక్క ఏదో పసిగట్టిందని ఏజెంటు చెప్తే అదే ప్రాబబుల్ కాజ్ అయిపోతుంది. అది నిజంగా పసిగట్టిందా, తోకాడించిందా అన్నది పక్కనున్న ఏజెంటు మాటే. అందుకే ప్రతి చెక్‌పాయింట్‌లో కెమెరా రికార్డు ఉంచి, అడిగితే డ్రైవర్‌కు ఇవ్వాలన్న డిమాండు చాలా న్యాయమైనది.

ఇప్పుడు వీసా మీద ఉన్నవాళ్ల సంగతి. మౌనంగా ఉండే హక్కు అందరికీ ఉంది. పౌరుడు జవాబు చెప్పకపోతే దానికదే నేరం కాదు, కాకపోతే సెకండరీలో ఇంకాసేపు నిలబెట్టవచ్చు. మనకు అలా కాదు. 18 ఏళ్లు దాటిన విదేశీయులు తమ రిజిస్ట్రేషన్ పత్రాన్ని ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలని చట్టం. గ్రీన్ కార్డు, ఈఏడీ (పనిచేయడానికి ఇచ్చే అనుమతి కార్డు), ఐ-94 ఆ లెక్కలోకి వస్తాయి. లేకపోతే జరిమానా, 30 రోజుల వరకు జైలు కూడా పడవచ్చు. దశాబ్దాల పాటు ఎవరూ పెద్దగా పట్టించుకోని ఈ నిబంధనను కచ్చితంగా అమలు చేస్తామని 2025లో ప్రభుత్వం ప్రకటించింది. కాబట్టి పాస్‌పోర్టు పోతుందేమోనని రూంలో దాచి డ్రైవింగ్ లైసెన్స్ ఒక్కటీ పట్టుకుని బయల్దేరే అలవాటు మానుకోవాలి. లైసెన్స్ స్టేటస్‌కు రుజువు కాదు. ఐ-94 ప్రింట్, పాస్‌పోర్టు, విద్యార్థులైతే యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం వెంట ఉండాలి.

అన్నిటికంటే ప్రమాదం నోటి మాటలో ఉంది. రాత్రి పొద్దుపోయాక, నిద్రమత్తులో, 'సిటిజన్సేనా?' అన్న ప్రశ్న సరిగ్గా వినకుండా 'యా' అనేస్తారు. పౌరులమని అబద్ధం చెప్పడం కింద అది నమోదైతే ఇమిగ్రేషన్ చట్టంలో క్షమాపణ దాదాపు దొరకని తప్పు. భవిష్యత్తులో గ్రీన్ కార్డు దారే మూసుకుపోవచ్చు. కారు నడిపేవాళ్లు వెనక సీట్లో నిద్రపోతున్నవాళ్లను చెక్‌పాయింట్ రాకముందే లేపాలి. స్టేటస్ అడిగితే నిజం చెప్పి కాగితం చూపించాలి. డిక్కీ తెరవమంటే, ఫోన్ ఇవ్వమంటే, 'సోదాకు నేను ఒప్పుకోవడం లేదు' అని మర్యాదగా, వినబడేలా చెప్పవచ్చు. విమానాశ్రయంలో ఫోన్లు చూసే అధికారం దేశంలోకి అడుగుపెట్టే చోట ఉండే ప్రత్యేక అధికారం, ఈ రోడ్ల మీదికి అది రాదు. అయినా తెరిచేస్తే చేత్తో అడ్డుకోకూడదు. ఒప్పుకోలేదన్న మాట తర్వాత కోర్టులో పనికొస్తుంది. భయంతో ఆగకుండా వెళ్లిపోతే మాత్రం అది అయిదేళ్ల వరకు శిక్ష పడే ఫెడరల్ నేరం కావచ్చు.

ఈ జాగ్రత్తలన్నీ చెప్తున్నప్పుడు నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. కాదని చెప్పే హక్కు ఉందని తెలిసినా, ఓపీటీలో (చదువుకు అనుబంధంగా ఇచ్చే తాత్కాలిక పని అనుమతి మీద) ఉన్న కుర్రాడు కాదని చెప్పడు. ఏజెంటుకు కోపం వస్తే కంప్యూటర్‌లో ఏం రాస్తాడో, తర్వాత వీసా స్టాంపింగ్‌లో అది తగులుతుందేమో అని భయం. ఆ భయాన్ని తప్పుపట్టలేం. ఏజెంటు హద్దు మీరితే నష్టపరిహారం అడిగే దారిని కూడా 2022లో ఎగ్బర్ట్ కేసులో సుప్రీంకోర్టు దాదాపు మూసేసింది. అధిక బలప్రయోగం చేశాడంటూ బోర్డర్ పెట్రోల్ ఏజెంటు మీద వ్యక్తిగతంగా దావా వేయడానికి వీల్లేదంది. 2025 సెప్టెంబర్‌లో లాస్ ఏంజెలెస్ గస్తీల మీద కింది కోర్టు పెట్టిన ఆంక్షలనూ తాత్కాలికంగా పక్కన పెట్టింది. ఒంటి రంగు, యాస, పనిచేసే చోటు చూసి ఆపడం మీద ఆ ఆంక్షలు ఉండేవి. 1976లో అసమ్మతి తీర్పు రాసిన జస్టిస్ బ్రెన్నన్, మెక్సికన్ మూలాలున్న ప్రతి అమెరికన్ ఇక ఈ రోడ్ల మీద భయపడుతూ తిరగాల్సిందేనని హెచ్చరించారు. ఆ భయం ఇవాళ గోధుమ రంగు చర్మం ఉన్న అందరిదీ అయింది. మనమూ అందులో ఉన్నాం.

దీన్ని మార్చడం అసాధ్యమేమీ కాదు. వెర్మాంట్ సెనేటర్‌గా ఉన్న ప్యాట్రిక్ లేహీ, వాషింగ్టన్ సెనేటర్ ప్యాటీ మరే కలిసి 100 మైళ్లను 25కి కుదించే బిల్లు పెట్టారు. సరిహద్దుకు 125 మైళ్ల దూరంలో తననే ఆపారని లేహీ చెప్పారు. బిల్లు ముందుకు సాగలేదు. నిజానికి 100 అన్న అంకె చట్టంలో లేదు, నిబంధనలో ఉంది. కాంగ్రెస్ ఓటు లేకుండానే ఏ ప్రభుత్వమైనా ఆ నిబంధనను సవరించవచ్చు. సెకండరీలో ఎంతసేపు ఉంచవచ్చో నిమిషాల్లో రాయవచ్చు, ఎవరిని ఎందుకు పంపారో నమోదు చేయమనవచ్చు. అక్కడ ఓటు హక్కు వచ్చిన తెలుగువాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఇంటి ముందుకొచ్చి ఓటడిగే ప్రతినిధుల సభ అభ్యర్థిని హెచ్-1బీ కోటా గురించి అడిగినట్టే ఈ 100 మైళ్ల గురించీ అడగాలి.