ఆరుద్ర నక్షత్రం మీద ఆ మెసేజ్ ఇక ఆపండి

"ఆరుద్ర నక్షత్రం వెలుగు తగ్గింది, పేలబోతోంది. ఈ ఆరుద్ర కార్తెలో రాత్రిపూట రెండో సూర్యుడు కనిపిస్తాడు. ఆ కిరణాలు తగలకుండా గర్భిణులు, పసిపిల్లలు ఇల్లు కదలకూడదు. నాసా దాస్తోంది." చదువుకున్నవాళ్లు కూడా ఇది ఇంకెన్నాళ్లు పంపుకుంటారు?

దాయడం సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. ఆరుద్ర, అంటే ఇంగ్లిష్‌లో బెటెల్‌జ్యూస్, కంటికి కనిపించే నక్షత్రం. దాని వెలుగును దేశదేశాల ఔత్సాహికులు కొలిచి అందరికీ కనబడేలా పెడుతున్నారు.

రెండో సూర్యుడా? ఆరుద్ర కార్తె అంటేనే సూర్యుడు ఆ నక్షత్రం దగ్గరుండే రోజులు, జూన్ 22 నుంచి జులై మొదటి వారం దాకా. అప్పుడది సూర్యుడితోపాటే ఉదయించి, సూర్యుడితోపాటే అస్తమిస్తుంది. ఇక రాత్రి ఎలా కనిపిస్తుంది? కార్తె పేరు వాడుకున్నవాళ్లు కార్తె అంటే ఏమిటో కూడా చూసుకోలేదు. నిజంగా పేలినా, మహా అయితే చంద్రుడంత వెలుగుతుందని అంచనా. పున్నమి చంద్రుడి కంటే సూర్యుడి వెలుగు 4 లక్షల రెట్లు ఎక్కువ.

ఇక "తగ్గింది కాబట్టి పేలుతుంది" అనే మాట. తగ్గింది నిజమే. మామూలుగా 0.5 దగ్గరుండే ప్రకాశ పరిమాణం 2020 ఫిబ్రవరికి 1.6కి దిగింది, ఈ లెక్కలో అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. చిలీలోని వీఎల్‌టీ దూరదర్శిని తీసిన చిత్రాల్లో దక్షిణ భాగమే మసకబారింది. నక్షత్రం కక్కిన వాయువు చల్లబడి, ధూళిగా మారి, మనకు అడ్డొచ్చింది. కొద్ది నెలల్లో వెలుగు తిరిగొచ్చింది. 2023లో మామూలు కంటే ఒకటిన్నర రెట్లు వెలిగితే అప్పుడూ "పేలుతోంది" అనే ప్రచారం చేశారు. తగ్గినా పేలుడే, పెరిగినా పేలుడే అంటే అదేం ఆధారం? పేలుడు నక్షత్రం నడిబొడ్డున తేలే వ్యవహారం. చివరి దశలో అక్కడ సిలికాన్ ఇంధనంగా మండేది రోజుల లెక్కనే. పైపొర మసకబారడం చూసి దాన్ని పసిగట్టలేం.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. పేలుడు కొన్ని దశాబ్దాల్లోనే రావచ్చని 2023లో ఒక పరిశోధన పత్రం నిజంగానే వాదించింది. సుమారు 2,200 రోజులకోసారి వచ్చే వెలుగు హెచ్చుతగ్గులు నక్షత్రం తనంతట తాను ఉబ్బి కుంచించుకోవడం వల్లే అన్నది దాని పునాది. అలాగైతే నక్షత్రం కొలతల్లో తేలినదానికంటే బాగా పెద్దదై ఉండాలి. పైగా ఆ హెచ్చుతగ్గులకు కారణమనుకుంటున్న తోడు నక్షత్రం హవాయిలోని జెమిని నార్త్ దూరదర్శినికి చిక్కిందని 2025 జులైలో ప్రకటించారు. ఎక్కువమంది లెక్క లక్ష ఏళ్ల లోపు ఎప్పుడైనా అనే.

అన్నిటికంటే హానికరమైంది కిరణాల భయం. ఆరుద్ర దూరం 550 నుంచి 700 కాంతి సంవత్సరాలు. ఇలాంటి పేలుడు మన వాతావరణానికి ముప్పు తేవాలంటే సుమారు 50 కాంతి సంవత్సరాల లోపే జరగాలి. న్యూట్రినోలు, అంటే దేన్నైనా దాదాపు తాకకుండానే దాటిపోయే సూక్ష్మ కణాలు, వస్తాయి, నిజమే. సూర్యుడి న్యూట్రినోలు ఇప్పుడు కూడా మీ గోరంత మేరలోంచి సెకనుకు వేల కోట్లు దూసుకుపోతున్నాయి, ఎవరికీ ఏమీ కావడం లేదు. గర్భిణులను గదిలో పెట్టి తలుపేయడం గ్రహణాలకే చూస్తున్నాం. దానికి ఇంకో సాకు అందిస్తున్నారు మీరు.

అనుమానముంటే జనవరి సాయంత్రాల్లో మీరే కొలవండి. ప్రొసియాన్ అనే నక్షత్రం ప్రకాశ పరిమాణం 0.4, రోహిణిది 0.9. ఆరుద్ర వెలుగు ఆ రెండింటి మధ్య ఉంటే మామూలే. పోల్చే నక్షత్రాలు ఆకాశంలో దాదాపు ఒకే ఎత్తుకు వచ్చేదాకా ఆగండి. కిందికి ఉన్నది గాలిపొరల వల్ల మసకగా కనిపిస్తుంది. తదేకంగా చూడకండి, ఎర్ర నక్షత్రాన్ని ఎంత సేపు చూస్తే అంత ప్రకాశంగా అనిపిస్తుంది. చటుక్కున ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసి అంకె రాసుకోండి.