ప్రమాణం చేసిన మూడో రోజు

మద్యపానంపై తీసిన డాక్యుమెంటరీల గురించి ఈమధ్య ఒక వ్యాసం చదివాను; వాటిని తాగేవారికి చూపించాలని అందులో రాశారు. ముందు ఇంట్లోవాళ్లు చూడాలంటాను. మాది చిత్తూరు. నాన్న స్కూటరుకు స్టాండు వేయడంలో రెండుసార్లు తడబడితే చాలు, అమ్మ మా పుస్తకాలు మూయించి పక్కింటికి పంపేసేది. అలాంటివి కెమెరాలో ఎలా చూపిస్తారో మరి!

మానేస్తానని ఆయనతో కాణిపాకంలో ప్రమాణం చేయించాం. మూడో రోజు, లేని చీమలను గోడ మీద నుంచి అరచేత్తో తుడుస్తూ కూర్చున్నారు, ఒళ్లంతా వణుకు. దేవుడి శిక్ష అనుకున్నాం. ఏళ్ల తరబడి తాగినవారు ఒక్కసారిగా ఆపేస్తే మూర్ఛ, మతిభ్రమ వచ్చే ప్రమాదం ఉందని, ప్రాణం మీదికీ రావచ్చని, డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలని ఆస్పత్రిలో చెప్పాకే తెలిసింది. తాగేవారి కుటుంబాల కోసమే 1951లో అమెరికాలో మొదలైన అల్-అనాన్ అనే సహాయ బృందాల సంస్థ గురించి కూడా ఆ వ్యాసంలో ఒక్క ముక్క రాయాల్సింది.