పైలట్ శిక్షణ: దుండిగల్ నుంచి ఫ్లయింగ్ క్లబ్బులు ఏం తెచ్చుకోవాలి?

ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అడిగేది కనీసం 40 గంటల ఫ్లయింగ్. క్లబ్బులో ఈ గంటలన్నీ శిక్షణార్థి జేబులోంచి వస్తాయి. ఇంజిన్ తిరిగినంతసేపూ హాబ్స్ మీటర్ తిరుగుతుంది, బిల్లు పెరుగుతుంది. చెక్‌లిస్టు గబగబా చదివేయడం, దిగగానే లాగ్‌బుక్‌లో సంతకం పెట్టించుకుని వెళ్లిపోవడం అక్కడే అలవాటవుతాయి.

దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో శిక్షణ విమానం పిలాటస్ పీసీ-7 మార్క్-2 ఎక్కే క్యాడెట్‌కు బిల్లు ఉండదు, గడువు ఉంటుంది. ప్రతి సార్టీకి (ఒక్కోసారి ఎగిరి దిగడానికి) ముందు బ్రీఫింగ్, దిగాక తప్పొప్పులు మాట్లాడుకునే డీబ్రీఫింగ్, గ్రేడు. అనుకున్న సార్టీల్లో ప్రమాణం అందుకోలేకపోతే ఫ్లయింగ్ నుంచి తప్పిస్తారు. యుద్ధ విమానాలకు మనుషుల్ని వడపోసే చోట అది న్యాయమే. సెలవు రోజున సెస్నా లాంటి చిన్న విమానం నడపాలనుకునే నలభై అయిదేళ్ల మనిషికి 60 గంటలు పడితే ఎవరికీ నష్టం లేదు. కాబట్టి గడువు అక్కర్లేదు. డీబ్రీఫింగ్ మాత్రం తప్పకుండా కావాలి. ఇంజిన్ ఆపాక పావుగంట కూర్చుంటే చాలు, ఇంధనం ఖర్చు కాదు.

స్పిన్, అంటే విమానం గిరగిరా తిరుగుతూ కిందికి పడే విషయంలో తేడా ఇంకా పెద్దది. వాయుసేనలో అది పాఠంలో భాగం. అమెరికాలో ప్రైవేట్ లైసెన్సుకు 1949 నుంచి స్పిన్ తప్పనిసరి కాదు. స్పిన్‌కు ముందు వచ్చేది స్టాల్, అంటే రెక్కలు విమానాన్ని మోయలేకపోవడం. మామూలు శిక్షణలో దాన్ని ఎత్తులో, రెక్కలు సమంగా ఉంచి చూపిస్తారు. ప్రాణం తీసే స్టాల్ అలా రాదు.

దిగే ముందు రన్‌వేకు అడ్డంగా ఎగిరే బేస్ లెగ్ మీద వెనక గాలి తోస్తుంది, విమానం రన్‌వేకు సూటిగా ఉండే గీత దాటిపోతుంది. నేల దగ్గరలో ఉంది కదా అని విమానాన్ని ఎక్కువ వాల్చడానికి భయపడి, ముక్కును పక్కకు తిప్పే రడ్డర్‌ను మలుపు లోపలివైపు తొక్కుతారు. లోపలి రెక్క వాలుతుంది, దాన్ని ఆపడానికి రెక్కల్ని వాల్చే ఐలెరాన్ ఎదురు తిప్పుతారు. ముక్కు కిందికి జారితే చేతిలోని యోక్ (స్టీరింగ్) వెనక్కి లాగుతారు. సెస్నా 172ఎస్ ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున దించే పలకలు) లేకుండా 48 నాట్ల (గంటకు నాటికల్ మైళ్లు) దగ్గర స్టాల్ అవుతుంది. ఎత్తు తగ్గకుండా 45 డిగ్రీల వాలులో తిరిగితే ఆ వేగం 57, 60 డిగ్రీల్లో 68. ఫైనల్స్‌కు, అంటే రన్‌వేకు ఎదురుగా దిగే చివరి దారికి వచ్చే వేగం 65 చుట్టూ ఉంటుంది. ఒక్క చుట్టు స్పిన్, అందులోంచి బయటపడటం కలిపి సుమారు వెయ్యి అడుగులు మింగేస్తాయి. ఆ మలుపులో ఉండేది దాదాపు 500.

సైనిక సర్క్యూట్‌లో (దిగడానికి రన్‌వే చుట్టూ తిరిగే దారిలో) రన్‌వేకు సమాంతరంగా ఎగిరే డౌన్‌విండ్ నుంచి ఫైనల్స్ దాకా ఒకే వంపుగా వస్తారు. రన్‌వే కంటికి తప్పదు, గీత దాటిపోతున్నామని ముందే తెలుస్తుంది. క్లబ్బు చతురస్రపు సర్క్యూట్ మార్చుకోనక్కర్లేదు. 30 డిగ్రీల వాలు సరిపోకపోతే వెంటనే గో-అరౌండ్ (దిగడం మాని మళ్లీ పైకి లేవడం) అనే నియమం పెట్టి, గో-అరౌండ్ చేసినందుకు మంచి గ్రేడు ఇస్తే చాలు.

సైనిక పద్ధతికీ ఒక లోటుంది. స్క్వాడ్రన్‌లో వాతావరణం చూసేవారు, సార్టీకి అనుమతిచ్చేవారు వేరే ఉంటారు. ప్రైవేట్ పైలట్‌కు ‘ఈరోజు వద్దు’ అనేవారే లేరు. ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని, సాయంత్రానికి తిరిగి రావాలన్న తొందరలో ఉన్న మనిషికి అది చాలా బరువైన నిర్ణయం. కాబట్టి వాయుసేన ఆథరైజేషన్ పద్ధతిని చిన్న కాగితంగా తెచ్చుకోవాలి. మేఘాలు కనీసం ఎంత ఎత్తులో ఉండాలి, దిగేసరికి ఎంత ఇంధనం మిగలాలి, అడ్డగాలి ఎంత దాటితే వెళ్లకూడదు అన్నవి ఇంటి దగ్గరే అంకెల్లో రాసుకోవాలి. విమానం హ్యాండ్‌బుక్‌లో 172ఎస్‌కు పరీక్షల్లో నిరూపించిన అడ్డగాలి 15 నాట్లు. కొత్తగా లైసెన్స్ వచ్చినవారి కాగితం మీద 8 ఉండాలి.