చిన్న ఫోన్ ఎవరూ కొనరా? అమ్మితే కదా కొనేది!

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది నాలుగోసారి. కాలేజీ గ్రూపులో ఒకసారి, ఆఫీసు గ్రూపులో ఒకసారి, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకసారి. నిన్న రాత్రి మా చిన్న మావయ్య కూడా పంపించాడు, కింద చప్పట్ల బొమ్మలు పెట్టి మరీ. "చిన్న ఫోన్ కావాలని గోల చేసేవాళ్లకు ఐదు నిజాలు" అని మొదలవుతుంది. ఐఫోన్ మినీ అమ్ముడుపోలేదు కాబట్టి చిన్న ఫోన్లకు డిమాండే లేదట. చిన్న ఫోన్‌లో బ్యాటరీ సాయంత్రం దాకా రాదట. మన దేశంలో ఫోనే టీవీ కాబట్టి జనానికి పెద్ద స్క్రీనే కావాలట. జేబులో పట్టకపోతే బ్యాగులో పెట్టుకోవాలట. ఇక చివరిది: "అంతగా చిన్నదీ చవకదీ కావాలంటే కీప్యాడ్ ఫోన్ కొనుక్కోండి."

మావయ్యతో వాదన పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. కానీ మూడు నెలల కిందట మా అమ్మకు ఫోన్ కొనడానికి తెనాలిలో ఒక రోజంతా షాపులు తిరిగినదాన్ని. ఇది చదివి ఊరుకోవడం నావల్ల కావడం లేదు.

బ్యాగు సంగతి ముందే తేల్చేస్తాను. వంటింట్లో, పొలంలో, బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడ్డప్పుడు ఎవరి భుజానా బ్యాగు ఉండదు. అంతే.

ఐఫోన్ మినీ గురించి. అది బాగా అమ్ముడుపోలేదు, ఒప్పుకుంటాను. 12 మినీ, 13 మినీ రెండూ అయ్యాక 2022లో యాపిల్ కొత్త మినీ తేవడం మానేసి, ఆ స్థానంలో 6.7 ఇంచుల ఐఫోన్ 14 ప్లస్ తెచ్చింది. కానీ 2020లో 12 మినీ మన దగ్గరికి వచ్చినప్పుడు దాని ధర 69,900 రూపాయలు. ఇంకో పదివేలు వేసుకుంటే మామూలు ఐఫోన్ 12 వచ్చేది. చిన్నదే చాలనుకునేవాళ్లకు అదే ఏడాది కొన్ని నెలల ముందే 4.7 ఇంచుల ఐఫోన్ ఎస్‌ఈ 42,500కి వచ్చేసింది. ఆ ఎస్‌ఈని 2016లో ఒకసారి, 2020లో ఒకసారి, 2022లో ఒకసారి, మొత్తం మూడుసార్లు తీసుకొచ్చారు. కొనేవాళ్లే లేకపోతే అన్నిసార్లు ఎందుకు తెస్తారు? అయినా అసలు అడగాల్సిన ప్రశ్న వేరు. డెబ్భై వేల ఫోన్ ఎంతమంది కొన్నారో చూసి, ఏడు వేల ఫోన్ కొనే మనిషికి ఏం కావాలో ఎలా చెప్పేస్తారు?

ఏడు వేల ఫోన్ల చరిత్ర మన కళ్ల ముందే జరిగింది. 2014లో మోటో ఈ 4.3 ఇంచులు, ధర 6,999. రెడ్‌మీ 1ఎస్ 4.7 ఇంచులు, 5,999. ఆ రెడ్‌మీ కోసం ఫ్లాష్ సేల్ రోజు మా తమ్ముడు ఆఫీసులో పని ఆపి కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. సెకన్లలో అయిపోయేవి. 2017లో 5 ఇంచుల రెడ్‌మీ 4ఏ 5,999కి వచ్చింది. ఆ ఏడాది చివర్లో 'దేశ్ కా స్మార్ట్‌ఫోన్' అంటూ 5ఏ వచ్చింది, అదీ 5 ఇంచులే. మొదటి యాభై లక్షల ఫోన్లు 4,999కే ఇస్తామన్నారు. ఎవరూ కొనని సైజుకు యాభై లక్షల ఫోన్ల ఆఫర్ పెట్టే కంపెనీ ఉంటుందా?

అప్పట్లో జనం చిన్నదని కొనలేదు, చవకని కొన్నారు అంటారేమో. నిజమే. ఇవాళ పెద్దవి కొంటున్నదీ పెద్దవని కాదు, చవకనే. 2025లో రెడ్‌మీ ఏ5 వచ్చినప్పుడు ధర 6,499, స్క్రీన్ 6.88 ఇంచులు. ఆ ధరలో చేతిలో పట్టే ఫోన్ పక్కన పెట్టి, రెంటిలో ఏది కావాలో ఎంచుకోమని మనల్ని ఎవరైనా అడిగారా? నేను తిరిగిన షాపుల్లో పదివేల లోపు ఉన్న ప్రతి ఫోనూ ఆరున్నర ఇంచులు దాటినదే. "దీనికంటే చిన్నది లేదా బాబూ" అని అమ్మ అడిగితే, షాపు అబ్బాయి పాపం మర్యాదగానే, "చిన్నవంటే యాభై వేల పైన ఉన్నాయమ్మా" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. 6.32 ఇంచుల వన్‌ప్లస్ 13ఎస్ 2025లో వచ్చినప్పుడు ధర 54,999. 6.2 ఇంచుల గెలాక్సీ ఎస్25 విడుదలైనప్పుడు ధర 80,999. ఇవి కూడా పాత లెక్కలో చిన్నవేం కావు. చేతికి సరిపోయే సైజు ఇప్పుడు డబ్బున్నవాళ్ల సరుకు అయిపోయింది. నా కోపమంతా అక్కడే.

అమ్మ పాత ఫోన్ ఆ రెడ్‌మీ 4ఏనే. బరువు 131 గ్రాములు, పొడవు 14 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. పైన చెప్పిన ఏ5 పొడవు 17 సెంటీమీటర్లు దాటుతుంది, బరువు 193 గ్రాములు. తేడా అరవై గ్రాములు, అంటే ఒక కోడిగుడ్డు బరువు. ఇంకా అసలైన తేడా వెడల్పులో ఉంది: అది 70 మిల్లీమీటర్లు, ఇది 78. అంకెల్లో ఎనిమిది మిల్లీమీటర్లే. కానీ బొటనవేలు అవతలి అంచును అందుకుంటుందా లేదా అన్నది తేల్చేది ఆ ఎనిమిదే.

పాత ఫోన్ పాడవలేదు. బ్యాంకు యాప్ అప్‌డేట్ అయి, ఈ ఫోన్‌లో పనిచేయను పొమ్మంది. అందుకే కొత్తది కొనాల్సి వచ్చింది. కొన్న వారానికి నేను ఊళ్లోనే ఉన్నాను. కిరాణా కొట్టు దగ్గర అమ్మ ఎడమ చేతిలో ఉల్లిపాయల సంచి, కుడి చేతిలో 6.7 ఇంచుల కొత్త ఫోన్. స్కాన్ అయింది, డబ్బు అంకె కొట్టింది. పైన మూలనున్న బాణం గుర్తు నొక్కాలి. బొటనవేలు అందలేదు. ఫోన్‌ను అరచేతిలో కిందికి జార్చి, చూపుడువేలిని అడుగున ఆనించి, మళ్లీ బొటనవేలు చాచింది. ఫోన్ చేతిలోంచి జారి సిమెంటు మెట్టు మీద పడింది. స్క్రీన్ పగల్లేదు, మూల మాత్రం నొక్కుకుపోయింది. కొట్టాయన "రెండు చేతుల్తో పట్టుకోవాలమ్మా" అన్నాడు. అమ్మ సంచి కింద పెట్టి మళ్లీ మొదలుపెట్టింది. డ్వాక్రా గ్రూపు లెక్కలన్నీ చూసే మనిషి, ఆ రోజు చిన్నబోయి ఇంటికొచ్చింది.

బ్యాటరీ విషయంలో మాత్రం మెసేజ్ రాసినవాళ్లు చెప్పింది చాలావరకు నిజం. చిన్న డొక్కులో చిన్న బ్యాటరీయే పడుతుంది. ఐఫోన్ 12 మినీలో ఉన్నది 2227 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత చార్జి పడుతుందో చెప్పే లెక్క), దాంతో ఇబ్బంది పడినవాళ్లు నాకు తెలుసు. 4ఏలో 3120 ఉండేది, అమ్మకు రాత్రి దాకా వచ్చేది. కానీ 5జీ, రోజంతా వీడియోలు అంటే అది చాలదు. పోనీ దారి లేదా అంటే ఉంది. పైన చెప్పిన వన్‌ప్లస్ 13ఎస్‌లో, అదే చోటులో ఎక్కువ చార్జి పట్టే కొత్తరకం సిలికాన్ కార్బన్ బ్యాటరీ వేసి 5850 పట్టించారు. పదివేల లోపు చిన్న ఫోన్‌లో అలాంటిది నాకింకా కనిపించలేదు.

నా వైపు వాళ్లు కూడా ఒక మాట ఒప్పుకోవాలి. చిన్నదైతే చవకవుతుందని చాలామంది అనుకుంటున్నారు, నేనూ అలాగే అనుకునేదాన్ని. కాదు. ప్రాసెసర్, మెమరీ, మోడెమ్, కెమెరా అన్నీ అవే. స్క్రీన్ కాస్త తగ్గినంత మాత్రాన ధర సగమైపోదు. పైగా అందరూ పెద్ద స్క్రీన్లే కోట్లలో చేయిస్తుంటే, వేరే సైజు కొద్దిగా చేయించుకునేవాడికే ఖర్చు ఎక్కువ పడొచ్చు. దానికితోడు 2020 ఏప్రిల్ 1న ఫోన్ల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెంచారు. కాబట్టి చిన్న ఫోన్ ఐదు వేలకే ఇవ్వమని నేను అడగను. పెద్దది ఎంతకిస్తున్నారో చిన్నదీ అంతకే ఇవ్వండి చాలు. మా అమ్మ సంతోషంగా కొంటుంది.

ఫోనే టీవీ అన్నదీ కాదనను. అమ్మ కూడా కొత్త ఫోన్‌లో ప్రవచనాలు చూస్తూ, అక్షరాలు పెద్దగా ఉన్నాయని ఒక్కసారి మెచ్చుకుంది. పెద్దది కావాల్సినవాళ్లకు అది ఉండనివ్వండి. చిన్నది కావాల్సినవాళ్లకు ఎందుకు ఉండకూడదో మాత్రం ఆ మెసేజ్‌లో ఎక్కడా లేదు.

ఇప్పుడు ఆ కీప్యాడ్ మాట. ఐదింటిలో నన్ను నిజంగా బాధపెట్టింది ఇదే. రాసినవాళ్లకు సరదాగా అనిపించి ఉండొచ్చు, కానీ ఎవరితో అంటున్నారో ఆలోచించారా? మా వదిన అంగన్‌వాడీ టీచర్. పిల్లల బరువు, ఎత్తు, హాజరు అన్నీ పోషణ్ ట్రాకర్ యాప్‌లోనే ఎక్కించాలి. ఉపాధి హామీ పని దగ్గర కూలీలను చూసుకునే మేట్ ఫొటోలు తీసి యాప్‌లో మస్టర్, అంటే హాజరు, వేయడం 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. ఎండలో ఒక చేత్తో కళ్లకు నీడ పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ ఎత్తి ఫొటో తీసే మనిషి గురించి చెబుతున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి 'మన మిత్ర' పేరుతో ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. వీటిలో ఏది మామూలు కీప్యాడ్ ఫోన్‌లో అవుతుంది? 2022లో వచ్చిన యూపీఐ 123పేతో మామూలు కీప్యాడ్ ఫోన్ నుంచి కూడా డబ్బు పంపొచ్చు, మంచిదే. కానీ కొట్టు గోడ మీద అంటించిన క్యూఆర్ కోడ్‌ను అది స్కాన్ చేయలేదు.

ఒకవైపు బతుకంతా స్మార్ట్‌ఫోన్‌లో పెట్టి, ఇంకోవైపు "నీ చేతికి పట్టకపోతే స్మార్ట్‌ఫోనే మానెయ్" అనడం ఏం న్యాయం? ఆ మాట తగిలేది యాభై వేలు పెట్టగలిగినవాళ్లకు కాదు. చిన్న చేతులున్న ఆడవాళ్లకు, వేళ్లు వంగని ముసలివాళ్లకు, ఒక చెయ్యి ఎప్పుడూ పనిలోనే ఉండే కూలివాళ్లకు. వాళ్లు సోకు కోసం అడగడం లేదు. మావయ్యా, నువ్వు చప్పట్లు కొట్టింది ఈ మాటకే. మీ చెల్లెలు కూడా ఆ లెక్కలోకే వస్తుందని గుర్తుచేస్తున్నాను.

అమ్మ ఆ 4ఏని పారేయలేదు. మెత్తటి గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టుకుంది. నెలకోసారి తీసి చార్జింగ్ పెడుతుంది. నేను ఫోన్ చేసినప్పుడల్లా చివర్లో అడుగుతుంది: "అమ్మాయీ, అలాంటిది ఎక్కడైనా కనిపించిందా?"