భుజం మీద చెయ్యి

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ వారంలోనే మా తాతగారి తమ్ముడు గోపాలం, పదిహేడేళ్ళవాడు, ఇంట్లో చెప్పకుండా మద్రాసు పారిపోయాడు. సరిగ్గా అదే నెలలో, జపాన్ వాళ్ళు ఇక్కడా దిగుతారన్న భయంతో మద్రాసు జనం మూటాముల్లె సర్దుకుని పల్లెల దారి పట్టారు. బోన్లు పగిలితే ఊరిమీద పడతాయని జూలో సింహాలనూ పులులనూ కాల్చేశారు కూడా. అంటే ఊరంతా అటు నుంచి పరిగెత్తుకొస్తుంటే మావాడొక్కడే ఎదురెళ్ళాడన్నమాట. మా వంశంలో ముందుచూపు ఇలాగే ఉంటుంది.

తర్వాత ఆయన సంగతి ఎవరికీ తెలియదు. మొన్న సంక్రాంతికి కాకినాడ వెళ్తే, అత్తయ్య ట్రంకు పెట్టెలోంచి ఒక పోస్టుకార్డు తీసింది. 1951 నాటిది. "క్షేమం. ప్రెస్సులో కంపోజిటరుగా ఉన్నాను" అని రెండు ముక్కలు, కింద జార్జ్‌టౌన్‌ చిరునామా. "మద్రాసులోనే ఉంటున్నావు కదరా, మా బాబాయి ఏమయ్యాడో కనుక్కోలేవా?" అంది. చెన్నైలో ఉండేవాడంటే మావాళ్ళ దృష్టిలో ఊళ్ళో అందరూ తెలిసినవాడు.

ఒక శనివారం వెళ్ళాను. తంబుచెట్టి వీధి పక్క సందులో, రెండు సైకిళ్ళూ ఒక కాగితాల బండీ దాటితే, ఆ ప్రెస్సు నిజంగానే ఉంది. ఇప్పుడు పెళ్ళి శుభలేఖలు వేస్తున్నారు. గోడ మీద ఒక గ్రూపు ఫొటో, 1968 అని రాసి ఉంది. కింద చీమల్లాంటి తమిళ అక్షరాల్లో పేర్లు. నా తమిళం బస్సు బోర్డులు చదివి నేర్చుకున్నది. కూడబలుక్కుని చదివాను. నిలబడినవారిలో ఎడమ నుంచి మూడు: పి. గోపాలన్!

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. తమిళంలో ఇనీషియల్ రాస్తే బి కైనా పి కైనా ఒకటే అక్షరం. బి.ఏ. పాసైనవాడినీ, పి.ఏ. ఉద్యోగం చేసేవాడినీ అదే మోస్తుంది. మా ఇంటిపేరు 'బ'తో మొదలవుతుంది. కాబట్టి పి అంటే బి, బి అంటే మేమే. ఇక చివరి 'న్' అంటారా, పాతికేళ్ళు మద్రాసు నీళ్ళు తాగితే సున్నా కాస్తా పొల్లు అయిందనుకున్నాను.

ప్రెస్సు ఆయన్ని అడిగాను. "అవర్ ఇప్ప ఇల్లె సార్" అన్నాడు. ఇప్పుడు లేరు. నేను తల వంచి, ఒక్క క్షణం చేతులు జోడించాను. ఆయన నా వైపు వింతగా చూసి, ఇల్లు వెస్ట్ మాంబళంలో అని అడ్రసు రాసిచ్చాడు.

అక్కడే నిలబడి మూడో మనిషిని ఫొటో తీసి క్రాప్ చేశాను. భుజం మీద పక్కవాడి చెయ్యి మాత్రం ఎంత కత్తిరించినా పోలేదు. 'స్వర్గీయ' అని తగిలించి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. పది నిమిషాల్లో ఇరవై ఆరు ఓం శాంతులు. అత్తయ్య వాయిస్ మెసేజ్: "అచ్చం నాన్న ముక్కేరా!" అప్పటికి ఆయనకి నలభై మూడేళ్ళుండాలి, ఫొటోలో కుర్రాడిలా ఉన్నాడేమిటని మా తమ్ముడు అడిగాడు. "మన వంశంలో ఎవరికీ వయసు కనపడదు" అని నోరు మూయించింది. ఆమె ఆజ్ఞ ప్రకారం ఫొటో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, గంధపు దండ వేసి, ఆదివారం మాంబళం పట్టుకెళ్ళాను.

తలుపు తీసింది ఫొటోయే. జుట్టు తెల్లబడింది, ముక్కు అదే.

ఫ్రేము వెనక్కి దాచుకునేలోపు చూసేశాడు. తీసుకుని, కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత దండ జాగ్రత్తగా, పూస రాలకుండా తీసి, నా చేతిలో పెట్టాడు. "ఫొటో నల్లా ఇరుక్కు. ఇదు వేండాం" అన్నాడు. బాగుంది, ఇది మాత్రం వద్దు. లోపల్నుంచి వచ్చిన ఆయన భార్య నవ్వాపుకోలేక గోడ పట్టుకుంది.

డబరాలో కాఫీ వచ్చింది. ఎనభై రెండేళ్ళట. పి అంటే వాళ్ళ నాన్న పార్థసారథి. అరవవాళ్ళ ఇనీషియల్‌లో ఇంటిపేరు కాదు, తండ్రి ఉంటాడన్న సంగతి ఇన్నేళ్ళుగా నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? "లేరు" అంటే రిటైరయ్యారని అర్థమట. నేను మా చిన్నతాతయ్య కథంతా చెప్పి, వంద క్షమాపణలు చెప్పాను. ఆయన వింటూనే ఫొటో మీద వేలు పెట్టాడు. సరిగ్గా ఆ చెయ్యి మీద.

"ఇదు యార్ కై తెరియుమా? కాకినాడా గోపాలం."

నాకు పని నేర్పింది ఆయనే అన్నాడు. తిట్టేటప్పుడు మాత్రం తెలుగులోనే తిట్టేవాడట. 1970ల్లో ప్రెస్సు మానేసి వెళ్ళిపోయాడు, ఎక్కడికో ఈయనకీ తెలియదు.

సోమవారం ఆఫీసుకి సెలవు పెట్టి మళ్ళీ సందులోకి పరిగెత్తాను. పక్కనే ఉంది పేరు. పి. గోపాలం. చివర 'న్' కాదు, 'మ్'. నేను మొదటి గోపాలుడు దొరకగానే చదవడం ఆపేశాను. పైకి చూస్తే, అందరూ బిగుసుకుని నిలబడ్డ ఆ ఫొటోలో ఒక్క మా చిన్నతాతయ్యే సరిగ్గా ఆ క్షణంలో ఎటో తిరిగినట్టున్నాడు. మెడ నుంచి పైకి అంతా తెల్లటి పొగ.

గ్రూపులో ఇంకా చెప్పలేదు. అత్తయ్య ఆ ముక్కుని పూజ గదిలో పెట్టుకుంది.