కాల్చమన్నది ఎవరు?

తమిళనాడులోని తూత్తుకుడిలో 2018లో జరిగిన పోలీసు కాల్పుల మీద జస్టిస్ అరుణా జగదీశన్ కమిషన్ ఇచ్చిన నివేదిక 2022 అక్టోబర్‌లో తమిళనాడు అసెంబ్లీ ముందుకు వచ్చింది. మన దగ్గర దాని మీద పెద్దగా చర్చ జరగలేదు. జరిగి ఉండాల్సింది. ఎందుకంటే పోలీసు కాల్పులు జరిగిన ప్రతిసారీ మనం నాలుగు రోజులు గట్టిగా అడిగి, జవాబు రాక, చివరికి వదిలేసే ప్రశ్న ఒకటుంది. అసలు కాల్చమన్నది ఎవరు? ఆ ప్రశ్న పట్టుకుని చివరిదాకా వెళ్తే ఏం బయటపడుతుందో ఈ నివేదికలో కనిపిస్తుంది.

స్టెరిలైట్ రాగి కర్మాగారాన్ని మూసేయమని ఊళ్లకు ఊళ్లు కదిలి ఆందోళన చేస్తున్న రోజులవి. 2018 మే 22 నాటికి ఆందోళన వందో రోజు. తొంభై తొమ్మిది రోజులు టెంట్ల కింద కూర్చుని అడిగారు, వాళ్లు కోరింది జరగలేదు. వందో రోజు కలెక్టరేట్‌కి ఊరేగింపుగా వస్తామని ముందే ప్రకటించారు. ముందురోజు రాత్రి కొన్ని పోలీస్ స్టేషన్ల పరిధిలో 144 సెక్షన్ పెట్టారు. మర్నాడు వేలమంది బయలుదేరారు, రాళ్లు పడ్డాయి, కలెక్టరేట్‌లో వాహనాలు తగలబడ్డాయి, కాల్పులు జరిగాయి. ఆ రోజూ తర్వాతి రోజూ కలిపి 13 మంది చనిపోయారు. వాళ్లలో అప్పుడే పన్నెండో తరగతి పరీక్షలు రాసిన అమ్మాయి ఒకరు. పసుపు రంగు టీషర్టు వేసుకున్న ఒక పోలీసు వ్యాన్ టాప్ మీద పడుకుని రైఫిల్ గురిపెట్టిన వీడియో దేశమంతా చూసింది. మప్టీలో ఉన్న మనిషి, వ్యాన్ మీది నుంచి, గుంపులో ఒకరిని ఎంచుకుని గురి చూస్తున్నాడు. దాన్ని గుంపును చెదరగొట్టడం అని ఎలా అంటాం?

పారిపోతున్న వాళ్ల మీద కాల్చారని కమిషన్ తేల్చింది. ఒకే షూటర్ వేర్వేరు చోట్ల కాల్చాడని చెప్పింది. ఐజీ, డీఐజీ, ఎస్పీ సహా 17 మంది పోలీసుల మీద చర్య తీసుకోమంది. జరిగింది టీవీ చూసే తెలుసుకున్నానని అప్పటి ముఖ్యమంత్రి చెప్పిన మాట నిజం కాదని కూడా రాసింది. నన్ను ఎక్కువగా ఆపింది మాత్రం వీటన్నిటికంటే చిన్నగా కనిపించే ఒక వివరం. కాల్పులు జరిగిన కొద్దిరోజులకే బయటికొచ్చిన ఎఫ్ఐఆర్‌లో, కాల్పులకు ఆదేశం ఇచ్చింది డిప్యూటీ తహసీల్దార్లని ఉంది.

డిప్యూటీ తహసీల్దార్ అంటే మనకు తెలిసిన మనిషే. తహసీల్దార్ ఆఫీసులో కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, రేషన్ కార్డుల పనుల మధ్య ఊపిరాడకుండా ఉండే ఉద్యోగి. ఐజీ స్థాయి అధికారి ఉన్న జిల్లాలో, ఎస్పీ స్వయంగా బందోబస్తు చూస్తున్న చోట, ఆ డిప్యూటీ తహసీల్దార్ ముందుకొచ్చి 'కాల్చండి' అన్నాడని, అంత పెద్ద పోలీసు యంత్రాంగం ఆయన మాట విని ట్రిగ్గర్ నొక్కిందని మనం నమ్మాలి! పోనీ, ఆయన 'వద్దు' అని ఉంటే తుపాకులు దిగేవా? కాగితం మీద మాత్రం బాధ్యత ఆయనది. కమిషన్ కూడా ముగ్గురు డిప్యూటీ తహసీల్దార్ల మీద చర్య సిఫారసు చేసింది, కానీ అక్కడితో ఆగకుండా కలెక్టర్‌నూ, పైనున్న పోలీసు అధికారులనూ కలిపింది. మన దేశంలో ఇంత పైదాకా వెళ్లి పేర్లు రాసిన నివేదికలు చాలా అరుదు.

గుంపును చెదరగొట్టే ముందు ఒక మెజిస్ట్రేట్ (కోర్టు జడ్జి కాదు, ఆ హోదా ఉన్న రెవెన్యూ అధికారి) ఉండాలన్న పద్ధతి ఎందుకు వచ్చిందో కాస్త ఆలోచించాలి. తుపాకీ పట్టుకున్నవాడే అవసరాన్ని కూడా నిర్ణయిస్తే ప్రమాదం కాబట్టి, తుపాకీ లేని ఒక సివిల్ అధికారి పరిస్థితిని చూసి, మైకులో హెచ్చరించి, వెళ్లిపోవడానికి జనానికి టైమిచ్చి, అప్పటికీ తప్పదనుకుంటేనే బలప్రయోగం జరగాలి. గుంపును చెదరగొట్టడం మీద పాత సీఆర్‌పీసీలో (నేర విచారణ పద్ధతుల చట్టంలో) 129 నుంచి 132 దాకా ఉన్న సెక్షన్లు ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 148 నుంచి 151 దాకా ఉన్నాయి. చట్టం నంబర్లు మారాయి, సరుకు దాదాపు అదే. అందులో ఒక వింత ఉంది. గుంపును చెదరగొట్టడానికి సైన్యాన్ని పిలిస్తే, ఆ సైనికాధికారి వీలైనంత తక్కువ బలం వాడాలని, మనుషులకూ ఆస్తులకూ వీలైనంత తక్కువ నష్టం చేయాలని సెక్షన్‌లోనే రాసి ఉంది. పోలీసులకు వర్తించే సెక్షన్‌లో ఆ మాట లేదు, బలంతో చెదరగొట్టవచ్చు అని మాత్రమే ఉంది. కనీస బలం, ముందు హెచ్చరిక, కిందికి గురి లాంటివన్నీ పోలీసు మాన్యువళ్లలోనూ కోర్టు తీర్పుల్లోనూ వెతుక్కోవాలి. యుద్ధానికి శిక్షణ పొందిన సైన్యానికి చట్టంలోనే పెట్టిన కట్టుబాటు, రోజూ మన మధ్య తిరిగే పోలీసుకు లేకపోవడం నాకు అస్సలు మింగుడుపడదు. కొత్త చట్టం రాసేటప్పుడు సరిచేయడానికి మంచి అవకాశం దొరికింది, చేయలేదు.

ఇంకోటి ఆ చివరి సెక్షన్, ఇప్పటి 151. సద్భావంతో చేసిన పని నేరం కాదంటుంది, ఈ సెక్షన్ల కింద చేశామని చెప్పే పనికి పోలీసునూ మెజిస్ట్రేట్‌నూ ప్రాసిక్యూట్ చేయాలంటే రాష్ట్ర ప్రభుత్వ అనుమతి కావాలంటుంది. అంటే ఎవరి హయాంలో కాల్పులు జరిగాయో, చాలాసార్లు ఆ ప్రభుత్వమే కేసు నడవాలో వద్దో తేలుస్తుంది.

మన దగ్గరికి వద్దాం. 2000 ఆగస్టు 28, హైదరాబాద్ బషీర్‌బాగ్. కరెంటు చార్జీల పెంపుకు వ్యతిరేకంగా చలో అసెంబ్లీ. ముళ్లకంచెలు, గుర్రాల మీద పోలీసులు, నీటి ఫిరంగులు, బాష్పవాయువు, ఆఖరికి తూటాలు. ముగ్గురు చనిపోయారు. 2007 జూలై 28, ఖమ్మం జిల్లా ముదిగొండ. భూమి కోసం వామపక్షాలు ఇచ్చిన బంద్ రోజు, ఏడుగురు. 2010 జూలై 14, శ్రీకాకుళం జిల్లా సోంపేట. బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ ప్లాంట్ వద్దన్న రైతులు, మత్స్యకారుల మీద కాల్పులు, ఇద్దరు. ఏడాది తిరక్కముందే, 2011 ఫిబ్రవరి 28న, అదే జిల్లా కాకరాపల్లిలో మళ్లీ థర్మల్ ప్లాంట్, మళ్లీ కాల్పులు, మళ్లీ ఇద్దరు. పార్టీలు మారాయి, ముఖ్యమంత్రులు మారారు, కాబట్టి ఇది ఫలానా పార్టీ గుణమని చెప్పి ఎవరూ చేతులు దులుపుకోలేరు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు బషీర్‌బాగ్ స్తూపం దగ్గర దండలు వేసిన వాళ్లే అధికారంలోకి వచ్చాక అదే పద్ధతి పట్టారు.

సోంపేట గురించి కొంచెం ఆగి చెప్పాలి. అక్కడి జనం అడిగింది, ఈ బీల బీడు భూమి కాదు, ఇది నీళ్లున్న తంపర, దీని మీద మా వ్యవసాయం, మా చేపలవేట ఆధారపడి ఉన్నాయి, ఇక్కడ ప్లాంట్ ఎలా కడతారు అని. అది తూటాతో జవాబిచ్చే ప్రశ్న కాదు, ఒక అధికారి బూట్లు విప్పి ఆ నీళ్లలో దిగి నడిచి చూస్తే తేలిపోయే ప్రశ్న. కాల్పులు జరిగిన ఆ జూలై నెలలోనే జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ ఆ ప్లాంట్ పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. జనం చెప్పిందే నిజమైంది. తూత్తుకుడిలోనూ అంతే, కాల్పులు జరిగిన వారంలోపే, మే 28న, రాష్ట్ర ప్రభుత్వం ఫ్యాక్టరీ మూసేయమని ఉత్తర్వు ఇచ్చింది, తిరిగి తెరిపించమని కంపెనీ వేసిన పిటిషన్‌ను 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. బషీర్‌బాగ్ తర్వాత నాలుగేళ్లు తిరక్కుండానే, 2004లో కొత్త ప్రభుత్వం తొలి సంతకం వ్యవసాయానికి ఉచిత కరెంటు మీద పెట్టింది. అంటే ఈ డిమాండ్లేవీ తీర్చలేనివి కావు. వారం తర్వాత ఇచ్చిన ఉత్తర్వు వారం ముందు ఇచ్చి ఉంటే తూత్తుకుడిలో ఆ 13 మంది బతికి ఉండేవాళ్లు. ఇది తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

దీనికి పోలీసుల వైపు నుంచి వచ్చే మాట తెలిసిందే. రాళ్లు పడితే ఏం చేయమంటారు, మా వాళ్ల తలలు పగలడం లేదా అని. పగులుతాయి. బందోబస్తులో తెల్లవారుజాము నుంచి రోడ్డు మీద నిలబడి, సరైన తిండీ మరుగుదొడ్డీ లేక, ఎదుటివాడు ఎందుకు వచ్చాడో కూడా తెలియని కానిస్టేబుల్ పరిస్థితి నిజంగా దారుణం, టెన్షన్‌లో ఏం చేస్తాడో అతనికే తెలియదు. రాయి వేసినవాడి మీద కేసు పెట్టండి, ఎవరూ వద్దనరు. కానీ ఒకడు రాయి వేస్తే పక్కన నడుస్తున్న వెయ్యిమంది శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు పోదు. రాజ్యాంగం 19వ అధికరణం ఆ హక్కు ఇచ్చింది ఒక్కో మనిషికి, గుంపుకు కాదు. మనుషుల ప్రాణం కాపాడటానికి ఇంకే దారీ లేనప్పుడే ప్రాణాంతకంగా తుపాకీ వాడాలని 1990లో హవానాలో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన సూత్రాలు చెబుతున్నాయి. తగలబడుతున్న వాహనం ప్రాణం కాదు. వెన్ను చూపి పరుగెత్తుతున్న మనిషి వల్ల ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు.

పైగా రాళ్లదాకా వెళ్లే ముందు ఏం జరుగుతుందో చూడండి. సభకు అనుమతి అడిగితే చివరి నిమిషం దాకా తేల్చరు, తేల్చినా వద్దంటారు. నాయకులను తెల్లవారకముందే ఇంట్లోనే ఆపి గేటు దగ్గర పోలీసులను కూర్చోబెడతారు. ఈ గృహనిర్బంధం ఏ సెక్షన్ కింద అని అడిగితే కాగితం చూపించరు. అంటే గుంపును అదుపులో పెట్టగలిగిన మనుషులను ముందే తీసేసి, నాయకుడు లేని గుంపు అదుపు తప్పిందని తర్వాత చెబుతారు. హైదరాబాద్‌లో 2017లో ఇందిరా పార్క్ ధర్నాచౌక్‌ను ఎత్తేసి ఊరి శివార్లకు పొమ్మన్నారు, మరుసటి ఏడాది హైకోర్టు జోక్యంతో గానీ తిరిగి రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ 2023 జనవరిలో తెచ్చిన జీవో నంబర్ 1ని ఆ మే నెలలోనే హైకోర్టు కొట్టేసింది. అమరావతి ఊళ్లలో 2020 జనవరిలో మహిళల మీద పోలీసులు ప్రవర్తించిన తీరు మీద కూడా హైకోర్టే అడగాల్సి వచ్చింది. కూర్చోవడానికి చోటివ్వరు, నడవడానికి రోడ్డివ్వరు, మరి జనం తమ మాట ఎక్కడ చెప్పాలి?

కోర్టులు తప్పు పట్టిన సందర్భాలున్నాయి. 2011 జూన్‌లో ఢిల్లీ రాంలీలా మైదానంలో నిద్రపోతున్న జనం మీద అర్ధరాత్రి లాఠీలు, బాష్పవాయువు ప్రయోగించినందుకు సుప్రీంకోర్టు 2012లో పోలీసులను తీవ్రంగా తప్పుపట్టింది. గాయపడి తర్వాత చనిపోయిన మహిళ కుటుంబానికి 5 లక్షల పరిహారం ఇమ్మంది, కాకపోతే నిర్వాహకుల వాటా కింద అందులో పావు వంతు వాళ్లను భరించమంది. 2016లో అనితా ఠాకూర్ కేసులో, జనం అదుపులోకి వచ్చాక కూడా కొట్టడం హక్కుల ఉల్లంఘనే అని చెప్పింది. మంచి తీర్పులే. కానీ పరిహారం కట్టేది ఖజానా, అంటే మనమే. లాఠీ ఎత్తమన్న అధికారి జీతంలోంచి రూపాయి కూడా పోదు.

ఇక విచారణలు. కాల్పులు జరగగానే మెజిస్టీరియల్ విచారణ అని ప్రకటిస్తారు, చేసేది ఏ ఆర్డీవోనో జాయింట్ కలెక్టరో. కాల్పులకు ఆదేశం ఇచ్చాడని కాగితం మీద ఉండేదీ ఆ రెవెన్యూ శాఖ అధికారే. జుడీషియల్ కమిషన్ వేస్తే 1952 చట్టం ప్రకారం నివేదికను, తీసుకున్న చర్యలను, నివేదిక అందిన ఆరు నెలల్లో సభ ముందు పెట్టాలి, కానీ కమిషన్ చెప్పింది సిఫారసు మాత్రమే, ప్రభుత్వం పక్కన పెట్టేస్తే అడిగే దారి కష్టం.

నేను కోరేది పెద్ద సంస్కరణ కూడా కాదు. బలప్రయోగానికి ఆదేశం ఇచ్చే అధికారి ఎవరో ఆ రోజు బందోబస్తు ఉత్తర్వులోనే పేరుతో ఉండాలి, ఆ మనిషి కనీసం ఆర్డీవో స్థాయి వాడై, అక్కడే నిలబడి ఉండాలి. ఆదేశం ఇచ్చిన క్షణమే టైముతో సహా రికార్డు కావాలి, వైర్‌లెస్ సంభాషణలూ వీడియోలూ ఆ రాత్రికే కోర్టులో జమ కావాలి, అప్పుడు వారం తర్వాత కూర్చుని సంతకాలు పెట్టే వీలుండదు. అలాంటి రికార్డు చూపించలేకపోతే సద్భావం అన్న రక్షణ ఆ అధికారికి వర్తించకూడదు, ప్రాసిక్యూషన్‌కి ప్రభుత్వ అనుమతి అక్కర్లేకుండా నేరుగా కేసు నడవాలి. దీనికి పార్లమెంటు 151వ సెక్షన్‌లో ఒక చిన్న సవరణ చేస్తే చాలు. మిగతావి రాష్ట్ర హోంశాఖలు తమ స్థాయిలో ఉత్తర్వులతో చేయగలిగినవి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ మొదలుపెట్టవచ్చు.