సవరణ: హెచ్‌డీ రెడీ, ఫుల్ హెచ్‌డీ ఒకటి కావు
తిరుపతిలో మా అవ్వ గరుడసేవ చూడ్డానికి టీవీ కొన్న సంగతి మొన్న రాస్తూ, హెచ్‌డీ రెడీ అన్నా ఫుల్ హెచ్‌డీ అన్నా ఒకటే అన్నాను. తప్పు. ఫుల్ హెచ్‌డీలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. మొత్తం 20 లక్షల పైమాటే. హెచ్‌డీ రెడీ పేరుతో అమ్మే 32 అంగుళాల టీవీల్లో ఎక్కువగా ఉండేది 1366, 768. అంటే దాదాపు సగం. ప్రసారం ఫుల్ హెచ్‌డీలో వచ్చినా, ఆ టీవీ దాన్ని తగ్గించుకునే చూపిస్తుంది.

‘హెచ్‌డీ సౌండ్’ అని కూడా రాశాను. డబ్బా మీద ఆ మాట చూసి మురిసిపోయాను లెండి! బొమ్మకున్నట్టు శబ్దానికి ఆ పేరుతో ఒకే కొలత లేదు. సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి నమూనాలు తీస్తారు, ఒక్కోటి 16 బిట్లు, అంటే 16 సున్నా-ఒకట్ల వరస. అంతకు మించినదాన్ని హై రిజల్యూషన్ ఆడియో అంటారు.

అవ్వకు ఇవేవీ చెప్పలేదు.